సంకెళ్లు కనబడ్డ ఫొటో

భువనగిరిలో స్టూడియో నడిపిన రోజుల్లో పంచనామా ఫొటోలకు పోలీసులు నన్నే పిలిచేవారు. బావిలో తేలిన శవమైనా, రైలు పట్టాల మీది శవమైనా పద్ధతి ఒకటే. ముందు దూరం నుంచి ఒకటి, తర్వాత నాలుగు పక్కల నుంచి, చివరికి చేతులు, మెడ దగ్గరగా. ప్రింట్లు ఇచ్చాక "నెగెటివ్‌లు కూడా ఇచ్చెయ్యన్నా" అనేవారు. ఇచ్చేవాణ్ణి. అవి కోర్టు దాకా పోయినయా లేదా అని అడిగే అలవాటు మాలో ఎవరికీ లేదు.

చేతులు దగ్గరగా ఎందుకు తీయాలో 2015 ఏప్రిల్ 7న నల్లగొండ జిల్లా అంతా చూసింది. వరంగల్ జైలు నుంచి, ఉగ్రవాద కేసుల్లో నిందితుడైన వికారుద్దీన్‌ను, మరో నలుగురు విచారణ ఖైదీలను హైదరాబాద్ కోర్టుకు తీసుకెళ్తున్న వ్యాన్‌లో, ఆలేరు సమీపంలో, అయిదుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. వికారుద్దీన్ మూత్రానికి ఆపమన్నాడు, తుపాకి గుంజుకోబోయాడు, తప్పక కాల్చాం అన్నది పోలీసుల కథనం. అంతకు కొద్ది రోజుల ముందే సూర్యాపేటలో కాల్పులకు పోలీసులు బలయ్యారు. జిల్లా ఆ దుఃఖంలో, కోపంలో ఉంది. ఎవరూ ఎదురు ప్రశ్న వేసేవారు కాదేమో. కానీ వ్యాన్ లోపలి ఫొటోలు బయటికొచ్చాయి. సీట్లలోనే శవాలు, చేతులకు సంకెళ్లు. ఎవరు ఎందుకు కాల్చారో ఫొటో చెప్పదు. సంకెళ్లున్న చెయ్యి తుపాకిని ఎలా గుంజుకుంటుందన్న ప్రశ్నను మాత్రం ఎవరూ దాచలేకుండా చేసింది. ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని (సిట్) వేసింది. అది ఏం తేల్చిందో జనం ముందు పెట్టలేదు.

పాలమూరు వైపు జరిగింది వేరు. 2019 డిసెంబర్ 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో, యువ పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగిన 'దిశ' కేసు నిందితులు నలుగురు పోలీసుల చేతుల్లో ఉండగానే హతమయ్యారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆ పూట హైకోర్టు చేసిన పని నా బోటి ఫొటోగ్రాఫర్‌కు గొప్పగా అనిపిస్తుంది. మహబూబ్‌నగర్ ప్రభుత్వాసుపత్రిలో జరిగే పోస్టుమార్టాన్ని వీడియో తీయించి, దాన్ని జిల్లా జడ్జికి అప్పగించమంది. అంటే, తూటా పేల్చినవాళ్ల చేతుల్లోనే ఆ చిత్రం ఉండిపోకూడదని. తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022 జనవరిలో నివేదిక ఇస్తే, దాన్ని సీల్డ్ కవర్‌లోనే ఉంచమని రాష్ట్ర ప్రభుత్వం కోరింది. మే 20న జస్టిస్ ఎన్.వి. రమణ నాయకత్వంలోని ధర్మాసనం ఒప్పుకోలేదు. కవర్ తెరిస్తే ఏముంది? చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, పది మంది పోలీసులపై హత్యానేరం కింద విచారణ జరగాలని, చనిపోయినవారిలో ముగ్గురు మైనర్లని. పూలు చల్లిన రోజున ఈ మాటలు ఎవరికీ తెలియవు. తెలిసి ఉంటే కొందరైనా పూలబుట్ట దింపేవారని నేను నమ్ముతాను.

దాచడానికి చెప్పే కారణం ఎక్కడైనా ఒకటే: బయటపెడితే జనం రెచ్చిపోతారు. ఇరాక్‌లోని అబూ గ్రేబ్ జైలులో అమెరికా సైనికులు ఖైదీలను హింసించిన ఫొటోలు 2004లో టీవీలో వచ్చాక, మిగతావి కూడా ఇవ్వాలని అక్కడి పౌరహక్కుల సంఘం ఏసీఎల్‌యూ కోర్టుకెళ్లింది. ఇస్తామన్న ఒబామా 2009 మేలో వెనక్కి తగ్గారు, తమ సైనికుల మీద ద్వేషం పెరుగుతుందని. ఆ ఏడాదే వాటిని దాచే అధికారం ఇస్తూ ఏకంగా చట్టమే తెచ్చారు. 2016లో 198 ఫొటోలు వదిలారు. దాదాపు 2,000 ఫొటోలు లోపలే ఉన్నాయి. 2018లో అప్పీలు కోర్టు ప్రభుత్వం పక్షానే తీర్పు చెప్పింది. మన దగ్గర హైదరాబాద్ సంస్థానంపై 1948 సైనిక చర్య తర్వాత జరిగిన హింస మీద పండిట్ సుందర్‌లాల్ బృందం నెహ్రూకిచ్చిన నివేదిక కూడా దశాబ్దాలపాటు బయటికి రాలేదు.

అన్నీ గోడకంటించమని నేననను. చనిపోయిన బిడ్డ మొహాన్ని ఫోన్లలో తిప్పడం పాపం. 'దిశ' విషయంలో ఆ పాపం చాలామంది చేశారు. కానీ మొహాన్ని మసక చేయడం నిమిషం పని. అమెరికాలో ఫొటోలు ఇవ్వమన్న జడ్జి కూడా మనుషుల ఆనవాళ్లు తీసేసే ఇవ్వమన్నాడు. మొహం మసక చేసినా సంకెళ్లు కనబడతాయి, గాయం కనబడుతుంది, తూటా ఎటు నుంచి వచ్చిందో డాక్టరు చెప్పగలడు.

అలాంటి ఫొటో దాకా రాకుండా, ఊళ్లో ఎవరి బిడ్డనైనా ఠాణాకు తీసుకుపోతే, ఇంటివాళ్లు మొదట ఆ తేదీ, వేళ రాసిపెట్టుకోవాలి. ప్రతి ఠాణాలో సీసీ కెమెరాలుండాలని, రికార్డింగ్ 18 నెలలు, వీలుకాకుంటే కనీసం ఏడాది, భద్రపరచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబర్‌లో ఆదేశించింది. అది చెరిగిపోకముందే, ఫలానా తేదీ ఫుటేజీ భద్రపరచండని రాసిచ్చి, రసీదు తీసుకోవాలి. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారాన్ని 48 గంటల్లో ఇవ్వాలని సమాచార హక్కు చట్టమే చెబుతోంది. ఫుటేజీ కోరుతూ ఆ చట్టం కింద పెట్టే అర్జీలో ఆ మాట తప్పకుండా రాయండి.