నడుచుచున్న యంత్రమున భాగముల మార్పు: దాని పరీక్ష

గడియారము నడుచుచుండగా దాని చక్రమొకటి తీసి వేరొకటి వేయుట ఎంత నేర్పరికైనను సాధ్యము కాదు. కంప్యూటరు విషయమున నట్టి పని నిత్యమును జరుగుచున్నది. యంత్రమును ఆపకయే పెన్‌డ్రైవును పెట్టుచున్నాము, మౌసును తీయుచున్నాము. పెద్ద సర్వర్లయందు చెడిన హార్డ్‌డిస్కును తీసి క్రొత్తదానిని అమర్చుచున్నారు. ఆస్పత్రులకును బ్యాంకులకును ఉపకరించు యంత్రములను ఒక్క డిస్కు కొరకు ఆపుట తగదు గదా. ఈ యేర్పాటునకు హాట్ స్వాప్ అని పేరు. స్వేచ్ఛగా లభించు ఆపరేటింగ్ సిస్టములు దీనికెంతవరకు తోడ్పడుచున్నవో పరీక్షించు విధమును ఇచ్చట వివరింపబూనితిమి.

మొదట ఉపకరణము వచ్చు రీతిని చూతము. యు.ఎస్.బి. 2.0 చదును ప్లగ్గునందు 4 లోహపు రేకులు గలవు. అంచులనున్న రెండును విద్యుత్తునకు, నడుమనున్న రెండును సమాచారమునకు ఏర్పడినవి. అంచు రేకులు నడిమి వానికంటె పొడవు. కావున పెట్టునపుడు విద్యుత్తు ముందు అందును, తీయునపుడు విద్యుత్తు కడపట తెగును. పిమ్మట ఉపకరణము సమాచారపు తీగలలో నొకదాని విద్యుత్ మట్టమును పైకెత్తి తన రాకను తెలుపును. సిస్టమునకు హృదయమైన కెర్నెలు దాని తయారీదారు సంఖ్యను, వస్తు సంఖ్యను అడిగి తెలిసికొని, తగిన డ్రైవరును వెదకి, ఆ పనిని దానికి అప్పగించును.

లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ఆరంభించిన లైనక్సు, 1993లో వెలువడిన ఫ్రీబీఎస్‌డీ, ఈ జాతి సిస్టములలో ప్రసిద్ధములు. వీని మూలరచనను ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును. అయితే లోకమందలి ఉపకరణములన్నియు ఏ యొక్క రచయిత బల్లమీదను ఉండవు. ఆయన తన యొద్దనున్న వానినే పరీక్షింపగలడు. తక్కినవానిని వాడువారే పరీక్షింపవలెను.

పరీక్ష ఏల యనువారికి ఒక సంగతి చెప్పుదుము. 1998 ఏప్రిల్ 20వ తేదీన చికాగో ప్రదర్శనలో బిల్ గేట్స్ సమక్షమున విండోస్ 98ను చూపుచుండగా, స్కానరును తగిలించినంతనే యంత్రము నీలి తెర చూపి నిలిచిపోయెను. అది స్వేచ్ఛా జాతి సిస్టము గాదు గాని, ఆ పాఠము అన్నిటికిని చెందును.

వచ్చుటకంటె పోవుటయే కష్టమైన పరీక్ష. అద్దెయింటివాడు చెప్పక వెడలిపోయినను అతనిపేర ఉత్తరములు వచ్చుచునేయుండును. అట్లే ఉపకరణము హఠాత్తుగా ఊడిపోయినను, ప్రోగ్రాములు దానికి పని పంపుచునేయుండును. డ్రైవరు తాను విడిచిన జ్ఞాపకస్థలమును మరల తాకెనా, కెర్నెలే కూలవచ్చును. అంతియేగాక, మనము వ్రాసిన ఫైలు కొంతసేపు యంత్రపు మెమరీలోనే నిలిచి, తరువాత పెన్‌డ్రైవునకు చేరును. నకలు ముగిసినట్లు తెర చూపినను పని ముగియకపోవచ్చును. సురక్షితముగా తొలగింపుమను ఆజ్ఞ యిచ్చి, అనుమతి వచ్చినపిదప తీయుమనుటకు కారణమిదియే.

పరీక్షించువాడు ఈ క్రమము ననుసరింపవలెను. లైనక్సులో డీమెసేజ్ అను ఆజ్ఞతో కెర్నెలు చిట్టాను చూచుచు ఉపకరణమును పెట్టవలెను. పేరు, డ్రైవరు సరిగా వచ్చెనా? ఫైలు నకలగుచుండగా దానిని లాగివేయవలెను. ప్రోగ్రాము తప్పును తెలిపి విరమించెనా, స్తంభించెనా? మరల పెట్టినచో గుర్తించెనా? యంత్రము నిద్రావస్థలో నుండగా తీసి మేల్కొలిపిన నేమగును? ఒక్క మారుగాక 100 మారులు చేసినను మెమరీ తరుగకుండెనా? దీనికి ముఖ్యమైన ఫైళ్లు లేని పెన్‌డ్రైవునే వాడవలెను. సాధారణ కంప్యూటరు పెట్టెను విప్పి, నడుచుచుండగా మెమరీ పలకలను ముట్టరాదు. అవి ఈ పద్ధతికి ఏర్పడినవి కావు.

ఉపకరణములు లేనివారికిని మార్గము గలదు. క్యూఎము అను ప్రోగ్రాము యంత్రములో మరియొక కల్పిత యంత్రమును సృష్టించును. అందు డిస్కులను ఆజ్ఞలతోనే పెట్టి తీయవచ్చును. లైనక్సు మూలరచనతోపాటే ప్రాసెసరును, మెమరీని తొలగించి మరల చేర్చి చూచు పరీక్షలు గలవు. విడిచిన జ్ఞాపకస్థలమును తాకిన తప్పును పట్టు కాసాన్ అను కావలి 2015లో లైనక్సు 4.0తో చేరినది. సిజ్‌కాలర్ అను సాధనము కపట ఉపకరణములవలె నటించి, యు.ఎస్.బి. డ్రైవర్లయందు అనేక లోపములను బయలుపరచినది.

లోపము కనబడినప్పుడు "పనిచేయలేదు" అనుట చాలదు. కెర్నెలు సంఖ్య, ఉపకరణపు సంఖ్యలు, చేసిన పనుల వరుస, చిట్టాలోని పంక్తులు, ఎన్ని మారులలో ఎన్ని మారులు తప్పినదో ఆ లెక్క, ఇవన్నియు ఉన్నదున్నట్లు వ్రాసి పంపవలెను. సరిగా పనిచేసిన సంగతియు వ్రాయదగినదే. ఎన్నడును చూడని దేశమందలి రచయిత దానినిబట్టి దిద్దును. ఆ దిద్దుబాటు ఏ ఆస్పత్రి సర్వరునో నిలుపవచ్చును.

విద్యార్థులారా, ఇందుకు గొప్ప ధనమక్కరలేదు. ఓపికయు సత్యమైన వ్రాతయు కావలెను. ఇతరులు వ్రాసి ఉచితముగా నిచ్చినదానిని మనము అనుభవించుచున్నాము. జాగ్రత్తగా వ్రాసిన ఒక్క నివేదికయైనను వారికి తిరిగి యిచ్చుట మన ధర్మము.