ఇంట కట్టెడు విమానము

పుష్పకవిమానమునుగూర్చి పురాణములయందు వినియున్నారము గాని, గృహస్థులే తమ కొట్టములలో విమానములు కట్టుకొందురనిన మనలో పెక్కుమంది నమ్మజాలరు. అమెరికాలో నిది వింత గాదు. విస్కాన్సిన్ రాష్ట్రమున పాల్ పోబెరెజ్నీ 1953లో ఇట్టి నిర్మాతలకై సంఘమును స్థాపింపగా, ఆయన భార్య ఆడ్రీ తమ యింటినుండియే దాని తొలి పనులకు మిక్కిలి తోడ్పడెను. తెలుగు కుటుంబము లనేకము ఆ దేశమున కాపురమున్నవి గనుక, ఇట్టి సంకల్పము మన యిండ్లలోను పుట్టవచ్చును. అపుడు గృహిణి యెరుగవలసిన సంగతులు కొన్ని విన్నవించుచున్నాము.

ఈ పనికిని మన సూదిదారములకును మొదటినుండియు చుట్టరికము కలదు. 1900లో రైటు సోదరులు కిట్టీహాక్ గ్రామమున తొలి గ్లైడరును కూర్చునపుడు, విల్బర్ రైటు ఆడీ టేట్ అను నిల్లాలి కుట్టుయంత్రముపైననే రెక్కల గుడ్డను కుట్టెను. ప్రయోగములు ముగిసినపిదప ఆమె యా సాటీను గుడ్డతో తన కుమార్తెలిరువురకు గౌనులు కుట్టెను.

మొదటి మాట: తొలిసారి కట్టువారు స్వంత నమూనా కల్పింపరాదు. పలువురు కట్టి నడపి, మంచిచెడ్డలు తేలిన నమూనానే గ్రహింపవలయును. 1930 దశకమున ఫ్రాన్సు దేశీయుడగు ఆంరీ మిన్యే కల్పించిన 'ఆకాశపు పేను' అను చిన్న విమానమును ఐరోపాలో ననేకు లుత్సాహముతో కట్టిరి. ముక్కు క్రిందికి వంగినపుడు కొన్ని స్థితులలో నది మరల లేవజాలదని గాలిసొరంగపు పరీక్షలలో తేలులోపల కొందరు ప్రాణములు గోల్పోయిరి.

రెండవది: పటమును మీరరాదు. 1997 అక్టోబరు 12వ తేదీన ప్రసిద్ధ గాయకుడు జాన్ డెన్వర్, తాను క్రొత్తగా కొన్న గృహనిర్మిత విమానము కాలిఫోర్నియా తీరమున సముద్రములో గూలగా మరణించెను. ఇంధనపు తొట్లను మార్చు మరను పటములోని చోట గాక, నడుపువాని యెడమ భుజము వెనుక నమర్చియుండిరి. దానిని త్రిప్పబోయినపుడే విమానము పట్టు తప్పినదని విచారణలో తేలినది. కట్టినవారు మేలని తలచి చేసిన చిన్న మార్పు వేరొకరి ప్రాణము మీదికి వచ్చెను.

మూడవది: కాలమును ధనమును ముందే లెక్కింపవలయును. పని పెక్కేండ్లు సాగవచ్చును. చట్రము వెల చూచి మురియరాదు. ఇంజను, ప్రొపెల్లరు, పరికరములు అంతకు మించవచ్చును. పెక్కు నమూనాలలో తోకభాగమును వేరుగా కొనవచ్చును. ముందుగా నది కట్టి చూచినచో చేతికి పని యలవడును. మనసు నిలువనియెడల నష్టము స్వల్పము. నెలకొకనాడు పది గంటలు పాటుపడుటకంటె దినమున కొక గంట మేలని యిల్లాలికి వేరుగ చెప్పనక్కరలేదు.

నాలుగవది: ఒంటరిగా కట్టరాదు. రేకులకు రివెట్లు బిగించునపుడు తరచు ఇరువురు కావలయును. ఒకరు యంత్రముతో కొట్టుచుండగా, వేరొకరు వెనుక నినుపదిమ్మె నానించి పట్టుకొందురు. పనిలో పెద్దభాగము తామే చేసినట్లు అధికారులకు చూపవలయును గనుక, దినదినము వ్రాతయు ఛాయాచిత్రములును ఉంచవలయును. తన పనిలోని తప్పు తన కంటబడదు. ఇదివరలో కట్టినవారిని పిలిచి చూపుట శ్రేయము.

కట్టుట ముగిసిన వెనుక తూచి, భారకేంద్రము హద్దులలో నున్నదో లేదో చూడవలయును. తోకవైపు బరువు మించినచో విమానము కుదురుగా నిలువదు. అమెరికాలో సాధారణముగా ఇంజను, ప్రొపెల్లరుల ననుసరించి తొలి 25 గాని 40 గాని గంటలు పరీక్షాకాలము. అపుడు వినోదమునకై బంధుమిత్రుల నెక్కింపరాదు. ఏండ్లతరబడి కట్టుటలో మునిగి నడపుట మరచిన చేతులతో తొలినాడు బయలుదేరుట అవివేకము. ముందుగా గురువుతో గూడి అభ్యసింపవలయును.

తొలి యెగురుటకు చుట్టములను పిలిచి పండుగ చేయవలదని మా మనవి. అందరును వచ్చిరను మొగమాటముచే, గాలి బాగుగ లేకున్నను బయలుదేర బుద్ధి పుట్టును. కట్టినది పురుషుడైనను స్త్రీయైనను, "నేడు వలదు" అను మాట ఆ యింట సిగ్గుపడక చెప్పగలిగియుండవలయును. అట్టి యింటివారు మరునాడు నిశ్చింతగా నెగురుదురు.