ఇంటి చదువరిగా బడిపిల్ల: ప్రాథమిక దశలో కంప్యూటర్ విద్య, ఆన్‌లైన్ భద్రత – కొత్తచెరువు నేపథ్యం

వ్యాససంగ్రహం:
ప్రాథమిక పాఠశాలలో కంప్యూటర్ బోధన అనగానే పరికరాల కొరత చర్చకు వస్తుంది. ఆన్‌లైన్ భద్రతకు మాత్రం ముందుగా కావలసింది చదివి అర్థం చేసుకునే నేర్పు. అందువల్ల దానిని తెలుగు వాచకబోధనలో భాగం చేయాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. కొత్తచెరువు నేపథ్యంలో విధానాలు, పరిభాష, బోధనపద్ధతి అనే మూడు అంశాలను వివరిస్తుంది.

కీలకపదాలు: ప్రాథమిక విద్య, ఆన్‌లైన్ భద్రత, పరిభాష, వాచకబోధన, కొత్తచెరువు.

1. ఉపోద్ఘాతం:
కొత్తచెరువు ఒకప్పుడు అనంతపురం జిల్లాలోని మండలకేంద్రం. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనతో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. వర్షాధారమైన వేరుశనగ సాగు, తరచూ వచ్చే కరవు, బెంగళూరు వైపు వలసలు ఈ పీఠభూమి జీవనాన్ని తీర్చిదిద్దాయి. 2025 జూలై 10న రాష్ట్ర ముఖ్యమంత్రి పాల్గొన్న మెగా తల్లిదండ్రులు–ఉపాధ్యాయుల సమావేశం ఇక్కడి ఉన్నత పాఠశాలలోనే జరిగింది. బడికీ ఇంటికీ మధ్య సంబంధాన్ని అంతగా చర్చించిన ఈ చోటు నుంచే, ఇంట్లోని ఫోను గురించి బడి ఏం చెప్పాలన్న ప్రశ్న వేసుకోవడం సముచితం.

2. విధాన నేపథ్యం:
మన దేశంలో 1984–85లో మొదలైన ‘క్లాస్’ పథకం ఎంపిక చేసిన పాఠశాలలకు బీబీసీ మైక్రో కంప్యూటర్లను అందించింది. 2004లో వచ్చిన ‘ఐసీటీ ఎట్ స్కూల్స్’ పథకం ఉన్నత పాఠశాలలను ఉద్దేశించింది. జాతీయ విద్యావిధానం–2020 కోడింగ్‌ను మాధ్యమిక దశలో, అంటే 6వ తరగతి నుంచి సూచించింది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ట్యాబులు పంచింది 8వ తరగతి విద్యార్థులకు. ఈ క్రమంలో ఒకటి నుంచి ఐదు తరగతులకు దక్కిన చోటు స్వల్పం.

అయితే 2020 మార్చిలో బడులు మూతపడిన తరువాత ఫోను చిన్నపిల్లల చేతికి పాఠ్యసాధనంగానే వచ్చింది. అదే ఏడాది జూలైలో కేంద్రం విడుదల చేసిన ‘ప్రజ్ఞాత’ మార్గదర్శకాలు 1–8 తరగతుల ఆన్‌లైన్ బోధనను రోజుకు 30–45 నిమిషాల రెండు తరగతులకు పరిమితం చేశాయి. తెరముందు గడిపే కాలాన్ని కొలవడం అవసరమే. ఆ తెరమీద కనిపించినదాన్ని పిల్లలు ఎలా చదువుతున్నారన్నది మరో ప్రశ్న.

3. ఇంటి చదువరి:
తల్లిదండ్రులు వలస వెళ్ళిన ఇంట్లో బిడ్డ అవ్వాతాతల దగ్గర పెరుగుతుంది. అవ్వకు చదువు రాకపోతే ఫోనుకు వచ్చిన సందేశాన్ని చదివి చెప్పేది నాలుగో తరగతి మనుమరాలే. పింఛను, ఉపాధిహామీ కూలి, పంటబీమా వంటి సొమ్ముల సమాచారం ఆ ఫోనుకే చేరవచ్చు. మోసగాడి సందేశమూ అక్కడికే వస్తుంది. కాబట్టి ఆ పాప అక్షరజ్ఞానం మీద ఆధారపడింది ఆమె మార్కులు మాత్రమే కాదు, ఆ ఇంటి డబ్బు కూడా.

డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం–2023 ప్రకారం 18 ఏళ్ళలోపు వారి సమాచారాన్ని వినియోగించడానికి తల్లిదండ్రుల లేదా సంరక్షకుల ధ్రువీకృత సమ్మతి కావాలి. పెద్దలు చదివి, పిల్లల తరఫున అంగీకరిస్తారన్నది చట్టం ఊహ. పై ఇంట్లో పిల్ల చదువుతుంది, పెద్దలు ఆమె మాట నమ్మి అంగీకరిస్తారు. చట్టం ఇచ్చిన రక్షణ ఆచరణలోకి రావాలంటే ఈ తలకిందుల స్థితిని బడి గుర్తించాలి.

4. పరిభాష సమస్య:
‘పాస్‌వర్డ్’కు ‘సంకేతపదం’ చక్కని తెలుగు. కానీ పిల్లలకు తెరమీద తరచుగా ఎదురయ్యేది మొదటి మాటే. కాబట్టి వాడుకలోని మాటను ఉంచి, దాని పనిని తెలుగు వాక్యంలో చెప్పడం ప్రయోజనకరం. ఓటీపీ అంటే ఒక్కసారికే పనికొచ్చే తాళంచెవి అంటే మూడో తరగతి పిల్లవాడికీ బోధపడుతుంది.

ఒకే మాట రెండు అర్థాల్లో ఎదురైనప్పుడు మరింత జాగ్రత్త అవసరం. లేఖారచన నేర్పేటప్పుడు చిరునామా చివర పిన్‌కోడ్ తప్పక రాయమంటాం. 1972 ఆగస్టు 15న అమల్లోకి వచ్చిన ఆ ఆరంకెల సంఖ్య అందరికీ చెప్పదగినది. యూపీఐ పిన్ కూడా నాలుగు లేదా ఆరు అంకెల సంఖ్యే, కానీ ఎవరికీ చెప్పకూడనిది. ఈ భేదం చెప్పవలసిన చోటు ఆ లేఖారచన పాఠమే. డబ్బు పంపడానికి పిన్ కావాలి, అందుకోవడానికి అక్కరలేదన్న ఒక్క వాక్యం ఎన్నో మోసాలను అడ్డుకోగలదు.

5. బోధనపద్ధతి:
ఇందుకు కంప్యూటర్ గది తప్పనిసరి కాదు. నల్లబల్లమీద ఒక నమూనా సందేశం రాసి మూడు ప్రశ్నలు అడగవచ్చు: ఎవరు పంపారు? ఏం అడుగుతున్నారు? ఎందుకు తొందరపెడుతున్నారు? ఇది అవగాహన–ప్రతిస్పందన అభ్యాసమే.

కథ మరో సాధనం. పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక (1853) మిత్రలాభంలో ముసలిపులి బంగారు కడియం చూపి బాటసారిని రప్పించుకుంటుంది. బహుమతి వచ్చిందనే లింకు అలాంటి కడియమే. ఆ కథను సరళమైన తెలుగులో చెప్పి, కడియం ఏది, బురద ఏది అని అడిగితే పిల్లలే పోలిక పట్టుకుంటారు.

మూడవది, చెప్పుకునే ధైర్యం. తప్పు నొక్కిన పిల్లను తిడితే రెండోసారి దాచిపెడుతుంది. సైబర్ ఆర్థిక మోసాలకు 1930, పిల్లల సహాయానికి 1098 అనే సంఖ్యలు తరగతి గోడమీద ఉండాలి. డబ్బు పోయినప్పుడు ఎంత త్వరగా ఫిర్యాదు చేస్తే దాన్ని నిలిపే అవకాశం అంత ఎక్కువ.

6. ముగింపు:
1. ప్రాథమిక దశలో ఆన్‌లైన్ భద్రతను వాచకబోధనలో భాగంగా చూడాలి.
2. తెరమీది వాడుకమాటను స్వీకరించి, దాని పనిని తెలుగులో వివరించాలి.
3. పిల్లలు ఇంటికి చదివిపెట్టేవారన్న వాస్తవాన్ని విధానాలు గుర్తించాలి.
4. సమీపంలోని బుక్కపట్నం జిల్లా విద్యా శిక్షణ సంస్థ వంటివి తెలుగు బోధనాభ్యాసంలో ఇలాంటి నమూనా పాఠాలను చేర్చవచ్చు.

అవ్వకు సందేశం చదివి వినిపించే పాప, చదవడం పూర్తయ్యాక ‘దీనికి బదులివ్వొద్దు అవ్వా’ అనగలిగితే తెలుగు వాచకం తన పని చేసినట్టే.