పొరుగువారి ఓటుతో మహాసభకు

అమెరికాలోని యూటా రాష్ట్రంలో రిపబ్లికన్ పార్టీ రాష్ట్ర మహాసభకు ప్రతినిధి కావడానికి పెద్ద నాయకుల సిఫార్సు అక్కర్లేదు. ఇరుగుపొరుగువాళ్లు ఓటేస్తే చాలు. ఎన్నికలు జరిగే ఏడాది వసంతంలో ఒక సాయంత్రం ప్రతి పోలింగ్ పరిధిలోనూ పార్టీ సభ పెడతారు. దాన్ని కాకస్ అంటారు. ఆ సభల్లో ఎన్నికైన ప్రతినిధులు దాదాపు 4,000 మంది. కొన్ని వారాల తర్వాత వాళ్లంతా ఒకచోట చేరి గవర్నర్, సెనేటర్ వంటి పదవులకు పార్టీ టికెట్ ఎవరికివ్వాలో ఓటేస్తారు. మన దగ్గర ఢిల్లీలోనో పార్టీ అధ్యక్షుడి ఇంట్లోనో తేలిపోయే విషయం ఇది. అక్కడ దానిమీద టీచరుకూ రైతుకూ దుకాణదారుకూ నేరుగా మాట చెల్లుతుంది.

కాకస్‌లో ఓటేయాలంటే ఆ పోలింగ్ పరిధిలో నివాసముండాలి, రిపబ్లికన్‌గా ఓటరు నమోదు చేసుకుని ఉండాలి. ఓటరుగా పేరు రాయించుకునేటప్పుడే ఏ పార్టీవాళ్లమో నమోదు చేసుకునే పద్ధతి యూటాలో ఉంది. ఓటరు కావాలంటే అమెరికా పౌరసత్వం తప్పనిసరి. కాబట్టి అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లలో గ్రీన్‌కార్డు మీద ఉన్నవారికి ఈ అవకాశం లేదు. పౌరసత్వం తీసుకున్నవారికి మాత్రం అక్కడే పుట్టినవారితో సమానంగా ఉంది.

సభ సాధారణంగా ఏ బడిలోనో జరుగుతుంది. గుర్తింపు కార్డు చూపించి లోపలికి వెళ్లాక ముందు ఆ పరిధికి పార్టీ బాధ్యులను ఎన్నుకుంటారు. జిల్లాలాంటి కౌంటీ మహాసభకు కొందరిని, రాష్ట్ర మహాసభకు కొందరిని ప్రతినిధులుగా పంపుతారు. పార్టీకి ఓట్లు ఎక్కువగా పడే చోట ప్రతినిధుల స్థానాలూ ఎక్కువే. పోటీకి ఎవరి పేరైనా ప్రతిపాదించవచ్చు, తన పేరు తానే చెప్పుకోవచ్చు. ఆపైన నిలబడి నాలుగు ముక్కలు మాట్లాడాలి. తానెవరు, పార్టీ నుంచి ఏం కోరుతున్నారు, గవర్నర్ పదవికి ఎవరివైపు మొగ్గుతున్నారు అన్నవి వినేవాళ్లు తెలుసుకోవాలనుకుంటారు. ఎవరికీ మాటివ్వకుండా అందరి వాదనా విని తేల్చుకుంటానని చెప్పేవారూ ఉంటారు, అది నిజాయితీ గల జవాబే. ఫలానా అభ్యర్థికే ఓటేస్తానని మాటిచ్చినా, దాన్ని నిలబెట్టుకోవడం మనస్సాక్షికి సంబంధించినదే తప్ప చట్టం కట్టడి చేయదు. హాజరు పలచగా ఉన్న చోట పదీ పన్నెండు ఓట్లతో నెగ్గవచ్చు. అందుకే ప్రతినిధి కావాలనుకునేవారికి ప్రసంగం కన్నా ముఖ్యమైన పని ఒకటుంది. ముందు వారమే నాలుగిళ్ల తలుపు తట్టి, ఆ సాయంత్రం సభకు రమ్మని పిలవాలి.

ఎన్నికైన మర్నాటినుంచి ఫోన్లు, ఉత్తరాలు, ఈమెయిళ్లు మొదలవుతాయి. రాష్ట్రమంతటా లక్షలమంది ఓటర్లున్నా అభ్యర్థులు ముందు ఒప్పించాల్సింది ఈ కొద్దివేలమందినే. గవర్నర్ పదవికి పోటీపడే మనిషి చిన్న ఊళ్లో ఒకరింటి ముందుగదిలో కూర్చుని నీటి సమస్య మీద ప్రశ్నలకు జవాబు చెప్పడం ఇక్కడ మామూలే. ఈ పద్ధతిలోని అసలు బలం అదే. పదవీకాలం రెండేళ్లు. బేసి సంఖ్య ఏడాదిలో పార్టీ రాష్ట్ర అధ్యక్షుణ్ణి ఎన్నుకునేదీ ఈ ప్రతినిధులే.

మహాసభ తరచు సాల్ట్ లేక్ సిటీ పరిసరాల్లో జరుగుతుంది. పార్టీ నియమావళి, విధానపత్రం, తీర్మానాల మీద ఓటింగ్ ఉన్నా అందరి చూపూ అభ్యర్థుల ఎంపిక మీదే. ఓటింగ్ విడతలవారీగా సాగుతుంది. వెనకబడినవారు తప్పుకుంటూ పోతారు. 60 శాతం ఓట్లు తెచ్చుకుంటే మహాసభ అభ్యర్థి ఆ ఒక్కరే. ఎవరికీ అన్ని రాకపోతే చివరి ఇద్దరూ, పార్టీ ఓటర్లే అభ్యర్థిని తేల్చే ప్రైమరీ ఎన్నికకు వెళ్తారు. అప్పటికే మూడుసార్లు సెనేటర్‌గా నెగ్గిన బాబ్ బెన్నెట్‌ను 2010లో ప్రతినిధులు మూడోస్థానానికి నెట్టేశారు. ఆయన పేరు ప్రైమరీ బ్యాలెట్‌కే ఎక్కలేదు. ఆ స్థానంలో మైక్ లీ సెనేట్‌కు వెళ్లారు. అది చూసిన మరో సీనియర్ సెనేటర్ ఓరిన్ హ్యాచ్, 2012లో తన మద్దతుదారులను కాకస్ సభలకు పెద్దఎత్తున రప్పించారు. మహాసభలో 59 శాతం దాటినా 60కి చేరలేక ప్రైమరీలో నెగ్గాల్సివచ్చింది.

ఈ పద్ధతి బలంలోనే లోపమూ ఉంది. రాత్రి షిఫ్టు చేసేవారు, చంటిపిల్లల తల్లులు, దూరాన ఉన్న సైనికులు ఆ ఒక్క సాయంత్రం సభకు రాలేకపోతే వాళ్ల మాటకు చోటుండేది కాదు. ఈ అభ్యంతరం ఉద్యమంగా మారడంతో 2014లో చట్టసభ రెండో దారి తెరిచింది. ఓటర్ల సంతకాలు సేకరిస్తే మహాసభతో నిమిత్తం లేకుండా ప్రైమరీలో నిలబడవచ్చు. రాష్ట్రస్థాయి పదవులకు 28,000 సంతకాలు కావాలి. పార్టీ కోర్టుకెక్కినా చట్టం నిలిచింది. దాని ఫలితం త్వరలోనే కనిపించింది. 2018లో సెనేట్‌కు పోటీచేసిన మిట్ రామ్నీ మహాసభలో స్వల్ప తేడాతో వెనకబడి, ప్రైమరీలో భారీగా గెలిచారు. 2024లో గవర్నర్ స్పెన్సర్ కాక్స్‌కు ప్రతినిధుల ఓట్లలో మూడోవంతు కూడా రాలేదు. ఆయన ప్రత్యర్థి ఫిల్ లైమన్ 60 శాతం దాటేశారు. సంతకాలుండబట్టి కాక్స్ ప్రైమరీకి వెళ్లి నెగ్గారు.

దాంతో ప్రతినిధి ఓటుకు విలువ పోయిందనుకోవడం పొరపాటు. వేల సంతకాలు సేకరించాలంటే డబ్బూ మనుషులూ కావాలి. ఆ స్తోమత లేని అభ్యర్థికి ప్రతినిధులను ఒక్కొక్కరినే కలిసి ఒప్పించడమే మిగిలిన దారి. పైగా చట్టసభ సభ్యుడు మధ్యలో రాజీనామా చేస్తే, ఆ ఖాళీకి పార్టీ తరఫున పేరు ఖరారు చేసేది కూడా ఆ నియోజకవర్గంలోని పార్టీ ప్రతినిధులే.