ఆట ఎందుకు ఆగి ఆగి నడచును?

కంప్యూటరుపై ఆటలాడు విద్యార్థుల నోట రెండు ఫిర్యాదులు తరచుగా వినవచ్చును. ఆట సాఫీగా సాగక నడుమ నడుమ కుదుపు తినుచున్నదని ఒకటి. ఆట తెరచుకొనుటకు నిమిషముల కొలది కాలము పట్టుచున్నదని రెండవది. దుకాణమునకు పోయి అడిగినచో రెంటికిని తరచుగా ఒకే మందు చెప్పుదురు: కొత్త గ్రాఫిక్సు కార్డు కొనుమని. దాని వెల అనేక కుటుంబములకు ఒక నెల జీతము. తెచ్చి బిగించిన పిదప కూడ కుదుపు పోకున్నచో తండ్రికి ఏమని చెప్పుకొనవలెను? కనుక డబ్బు తీయుటకు ముందే, కంప్యూటరులోని ఏ భాగము కొరకు తక్కిన భాగములు వేచియున్నవో కనుగొనవలెను. ఇది ప్రయోగశాలలో మనము చేయు పని వంటిదే. ఒక గడియారము, కొంత ఓపిక ఉన్న చాలును.

తెరపై కదలికగా కనుపించునది నిజమునకు వరుసగా వచ్చు నిశ్చల చిత్రములే. సినిమాలో ఈ చిత్రములు ముందే తీసి ఉంచబడినవి. ఆటలో అట్లు కాదు. ఆటగాడు మీట నొక్కిన పిదపనే తరువాతి చిత్రము పుట్టవలెను. సెకనుకు 60 చిత్రములు కావలెనన్నచో ఒక్కొక్క దానికి గల వ్యవధి 1000ని 60చే భాగింపగా వచ్చు 16.7 మిల్లీసెకనులు మాత్రమే. ఇంతలోనే ప్రాసెసరు ఆటలోని మనుష్యులు, బండ్లు, గోడలు ఎచ్చట ఉండవలెనో లెక్కకట్టవలెను. గ్రాఫిక్సు కార్డు ఆ లెక్క ననుసరించి రంగులు నింపవలెను.

ఇచ్చట సగటు మనలను మోసగించును. ఒక సెకనులో 49 చిత్రములు 16.7 మిల్లీసెకనుల చొప్పున సుమారు 817 మిల్లీసెకనులలో వచ్చినవనుకొందము. మిగిలిన 183 మిల్లీసెకనులను ఒకే చిత్రము తినివేసినది. సగటు చూచిన, సెకనుకు 50 చిత్రములు, లోపమేమియు లేదు. కాని ఆ ఒక్క చిత్రము దగ్గర కంటికి కుదుపు స్పష్టముగా తెలియును. కావున కుదుపును గూర్చి విచారించువారు సెకనుకు ఎన్ని చిత్రములన్న సంఖ్యను కాక, ఒక్కొక్క చిత్రమునకు పట్టిన కాలమును గీతగా చూపు సాధనమును వాడవలెను. అట్టివి ఉచితముగానే లభించును.

తెర కూడ తన వంతు చేయును. సెకనుకు 60 సార్లు మారు తెర నిర్ణీత కాలమునకు కదలు బస్సు వంటిది. తెరతో చిత్రములను జతపరచు ఏర్పాటు ఉన్నప్పుడు, 17 మిల్లీసెకనులలో తయారయిన చిత్రము 16.7 వద్ద కదలిన బస్సును అందుకొనలేదు, 33.3 వద్ద వచ్చు తరువాతి బస్సు వరకు నిలువవలసినదే. మూడువంతుల మిల్లీసెకను ఆలస్యము కూడ కాకున్నను నష్టము రెట్టింపగును. చిత్రము సిద్ధమయినప్పుడే మారు తెరలు ఇప్పుడున్నవి. వాటిలో ఈ చిక్కు చాలవరకు తీరినది.

ఇక కుదుపు ఎప్పుడు వచ్చుచున్నదో గమనింపవలెను. నా అభిప్రాయములో ఏ సాధనము కంటెను ఈ గమనికయే ఎక్కువ చెప్పును. కొత్త చోటికి పోయినప్పుడు, కొత్త ఆయుధము తొలిసారి పేలినప్పుడు కుదుపు వచ్చి, అదే పని రెండవసారి చేసినప్పుడు రాకున్నచో షేడర్లను అనుమానింపవలెను. ఇవి వెలుగునీడలను, రంగులను లెక్కకట్టు చిన్న ప్రోగ్రాములు. ప్రతి గ్రాఫిక్సు కార్డుకు తన సొంత భాష గలదు. షేడరును ఆ భాషలోనికి మార్చిన గాని కార్డు దానిని నడుపలేదు. ప్లేస్టేషను వంటి యంత్రములలో ఒక నమూనా యంత్రములన్నిటిలోను కార్డు ఒకే విధమైనది కావున ఈ అనువాదము ముందే చేసి పంపుదురు. మన కంప్యూటర్లలో కార్డులు నానా విధములు. అందువలన అనువాదము మన ఇంటిలోనే జరుగవలెను. ఆట నడుచుచుండగా జరిగిన ఆ క్షణము ఆట ఆగిపోవును. కొన్ని ఆటలు మొదటనే షేడర్లను సిద్ధపరచుకొనుచు కొన్ని నిమిషములు తీసికొనును. ఓపిక లేక దానిని దాటవేయువారే తరువాత కుదుపులని వాపోవుదురు! గ్రాఫిక్సు డ్రైవరును మార్చిన పిదప పాత అనువాదములు సాధారణముగా చెల్లవు గనుక కొన్నాళ్లు ఈ కుదుపు మరల కనుపించుట వింత కాదు.

మొదటి అరగంట బాగుగా నడచి పిదప మందగించినచో కారణము వేడి కావచ్చును. ప్రాసెసరు ఉష్ణోగ్రత 95, 100 డిగ్రీల సెల్సియసు ప్రాంతమునకు చేరినప్పుడు తన్ను కాపాడుకొనుటకై తానే వేగమును తగ్గించుకొనును. మన వేసవిలో, పరుపుపై పెట్టిన లాప్‌టాపులో, దుమ్ము పట్టిన పంకా ఉన్నప్పుడు అంతకు చేరుట ఎంతసేపు? ఇచ్చట కావలసినది కొత్త కార్డు కాదు, చిన్న కుంచె. మెమొరీ చాలక కంప్యూటరు డిస్కును మెమొరీగా వాడుకొన్నప్పుడును కుదుపులు వచ్చును. బ్రౌజరులో తెరచి ఉంచిన పుటలను మూసి చూచిన ఇది తేలిపోవును.

ఆట తెరచుకొనుటలోని ఆలస్యము వేరు విషయము. పాత హార్డు డిస్కు నిమిషమునకు 7200 సార్లు, అనగా సెకనుకు 120 సార్లు తిరుగును. కావలసిన చోటు సూది క్రిందికి వచ్చుటకు సగటున సగము చుట్టు, అనగా 4.2 మిల్లీసెకనులు, సూది జరుగుటకు ఇంకొక 8 మిల్లీసెకనులు అనుకొందము. చెదరియున్న 10,000 తునకలను ఏరుటకు ఈ లెక్కను రెండు నిమిషములు దాటును. తిరుగు భాగములు లేని ఎస్.ఎస్.డి.లో ఒక్కొక్క తునకకు సుమారు 0.1 మిల్లీసెకను చొప్పున అదే పని ఒక సెకను. కనుక హార్డు డిస్కుపై ఆట ఉన్నవారు మొదట మార్చవలసినది దీనినే.

అయితే డిస్కు మార్చినను తీరని ఆలస్యములు గలవు. 2015లో కంప్యూటర్లపై విడుదలయిన గ్రాండ్ థెఫ్ట్ ఆటో ఆన్‌లైన్ అను ఆట ఇందుకు మంచి ఉదాహరణము. (అది పెద్దలకు ఉద్దేశింపబడిన ఆట, మనకు కావలసినది ఆట కాదు, అందులోని లెక్క.) అది తెరచుకొనుటకు అనేకులకు చాల నిమిషములు పట్టెడిది. తన కంప్యూటరులో ఆరు నిమిషములు పట్టుట చూచిన ఒక ప్రోగ్రామరు 2021లో టాస్క్ మేనేజరును తెరచి పరీక్షించెను. డిస్కు ఖాళీగా ఉన్నది. ఇంటర్నెట్టుపై రాకపోకలు దాదాపు లేవు. గ్రాఫిక్సు కార్డుకు పని లేదు. ప్రాసెసరులో ఒకే ఒక్క కోరు మాత్రము నాలుగు నిమిషములు ఊపిరాడక పనిచేయుచున్నది. ఎనిమిది కోర్లున్న ప్రాసెసరులో ఒకటి మాత్రమే పూర్తిగా పనిచేసిన, మొత్తము మీద 12.5 శాతమే చూపును. చూచువారు ప్రాసెసరు తీరికగా ఉన్నదనుకొందురు. బంతిలో వడ్డించువారు ఎనిమిదిమంది ఉన్నను నేతిగిన్నె ఒకని చేతిలోనే ఉన్నప్పటి స్థితి ఇది. కావున కోర్లను విడివిడిగా చూపు పటమునే చూడవలెను.

ఆ కోరు చేయుచున్న పని ఏమి? ఆటలో కొనదగిన వస్తువుల జాబితా ఒకటి గలదు: సుమారు 10 మెగాబైట్ల పాఠము, 63,000 పద్దులు. దానిని చదువు ప్రోగ్రాము ఒక్కొక్క మాట చదివినప్పుడెల్ల మిగిలిన పాఠమంతయు ఎంత పొడవున్నదో చివరివరకు కొలుచుచుండెను. గ్రంథములో ఒక మాట చదువుట, మిగిలిన అక్షరములన్నియు లెక్కించుట, మరల ఒక మాట చదువుట! అంతటితో పోలేదు. చదివిన ప్రతి పద్దును అంతకు ముందున్న పద్దులన్నిటితో ఒక్కొక్కటిగా పోల్చి, మరల రాలేదు గదా అని చూచుచుండెను. రెండవ పద్దుకు ఒక పోలిక, మూడవదానికి రెండు. ఇట్లు కూడినచో 63,000ను 62,999చే గుణించి సగము చేయవలెను. వచ్చునది సుమారు 198 కోట్లు. జాబితా రెట్టింపయినచో పోలికలు నాలుగు రెట్లగును. ఆటలో కొత్త వస్తువులు చేరినకొలది ఆలస్యము వాటిని మించి పెరుగుటకు కారణమిదే. తరగతిలో శ్రేఢుల మొత్తమును చెప్పు ఉపాధ్యాయులు ఈ లెక్కను నల్లబల్లపై వేసి చూపవచ్చును.

అతడు చేసిన సవరణ చిన్నది. పొడవును ఒకసారి కొలిచి గుర్తుంచుకొనుట ఒకటి; అనవసరమయిన పోలికలను మానుట రెండవది. కంప్యూటరులో ఒక్క మేకును మార్చకయే ఆరు నిమిషములు ఒక నిమిషము 50 సెకనులకు దిగినది. ఆటను తయారుచేసిన రాక్‌స్టార్ సంస్థ అతని వాదము నిజమని అంగీకరించి, 10,000 డాలర్ల బహుమానమిచ్చి, 2021 మార్చిలో ఈ సవరణను ఆటలో చేర్చినది.