ముందు మందు - తరువాత పాట

మూసిన తలుపులను మళ్ళీ తెరిచేటప్పుడు ఒక వరస వుంటుంది. దేన్ని ముందు తెరిచారో, దేన్ని చివరకు వుంచారో చూస్తే, మనం దేన్ని అవసరమనుకుంటున్నామో, దేన్ని వట్టి వేడుక అనుకుంటున్నామో తెలిసిపోతుంది.

2020 మార్చి నెలాఖరున కరోనా మూలంగా లాక్‌డౌన్ వచ్చి అన్నీ మూతబడ్డాయి. తెలంగాణాలో మే 6వ తేదీన మద్యం దుకాణాలు తెరిచారు. ఆ రోజు వాటి ముందు సాగిన బారులు పాఠకులకు జ్ఞాపకం వుండే వుంటాయి. సెప్టెంబరు చివరి వారంలో బార్లకు, క్లబ్బులకు అనుమతి వచ్చింది. అయితే ఉత్తర్వులో ఒక మెలిక వున్నది: సంగీత కార్యక్రమాలూ, నృత్యాలూ కూడవు. అంటే తాగవచ్చును గాని పాడరాదన్నమాట! అదే వారంలో, 25వ తేదీన, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు ఆ కరోనాతోనే ఆసుపత్రి పాలై చెన్నైలో కన్నుమూశారు.

"తెలుగు పాఠాలు చెప్పుకునే వాడికి పబ్బుల్లో పాటల గొడవ ఎందుకయ్యా?" అని మీరు అడగవచ్చు. నేను వుండేది తెల్లాపూరు. ఒకప్పుడు మెదకు జిల్లాలో చిన్న పల్లె. 2018లో మునిసిపాలిటీ అయింది. ఒకవైపు రామచంద్రాపురం, పటాన్‌చెరు ఫ్యాక్టరీలు. మరొకవైపు గచ్చిబౌలి ఆఫీసులు. సాయంత్రం ఆరు కాకముందే గిటారు సంచి వీపున వేసుకుని బయలుదేరే కుర్రవాళ్ళు మా వీధిలోనే ముగ్గురు నలుగురు వున్నారు. వారిలో ఒకడు నా పాత శిష్యుడు. పగలు పిల్లలకు కీబోర్డు నేర్పుతాడు. శుక్ర, శనివారాలు పబ్బులో పాడతాడు. నెల జీతం లేదు. పాడిన రాత్రికి కూలి. పాడని రాత్రికి ఏమీ లేదు. లాక్‌డౌన్ రాగానే అతని రాత్రులన్నీ ఒక్కసారిగా రద్దయినవి. పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీ గోదాములో పెట్టెలు ఎత్తే పనికి కుదిరాడు.

"సంగీతం మానేశావటోయ్?" అన్నాను.

"మానలే సార్. రాత్రిపూట చెవులకు హెడ్‌ఫోను పెట్టుకొని వాయిస్తున్న. కానీ వినెటోళ్లు లేకపోతే చేయి మొద్దుబారుతున్నది" అన్నాడు.

పాటను ఆపినవారికి కారణం లేకపోలేదు. గొంతెత్తి పాడేటప్పుడు నోటి తుంపరలు మామూలు మాటలకంటే ఎక్కువగా వెలువడతాయి. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో 2020 మార్చి 10న ఒక బృందగాన సాధనకు 61 మంది కూడితే, 53 మందికి జబ్బు సోకింది, ఇద్దరు చనిపోయారు. ఇంగ్లండులోనూ జూలై 4న పబ్బులు తెరిచారు గాని, కచేరీలను మాత్రం ఆపివుంచారు. జాగ్రత్త సబబే. కాని గొంతు మూయించినప్పుడు ఆ గొంతుకు అన్నం పెట్టేది ఎవరన్న ప్రశ్న ఒకటి మిగిలిపోయింది.

మా పొరుగునే లింగంపల్లిలో సురభి కళాకారుల కాలనీ వున్నది. 1885లో పుట్టిన నాటక సంప్రదాయం వారిది. వారి తెర లేవలేదంటే మనందరికీ మనసు చివుక్కుమన్నది. పబ్బులో కుర్రవాడి పాట ఆగిందంటే, "ఆగితే ఆగిందిలే, అదేమన్నా సంసారపక్షపు చోటా!" అనుకున్నాము. పాట విలువను పాడే చోటునుబట్టి కడితే, క్షేత్రయ్య పదాలు మనకు దక్కేవి కావు. మర్యాదస్తులు ఒకప్పుడు మొగం తిప్పుకున్న దేవదాసీల నోటనే అవి తరతరాలుగా బతికినవి. ఇవాళ సభల్లో ముందువరుసలో కూర్చుని వింటున్నాము.

2021 మే 12న రెండవ లాక్‌డౌన్ వచ్చి, జూన్ 20న తీసేశారు. ఆ తరువాత మెల్లమెల్లగా పాట తిరిగివచ్చింది. శిష్యుడు బలవంతం చేస్తే మా ఆవిడా నేనూ ఒక శనివారం వెళ్ళి, నిమ్మకాయ సోడా తాగుతూ ఒక మూల కూర్చున్నాము. మొదటి పాట బాలు గారిదే. పల్లవి కాగానే బల్లల దగ్గర వున్నవాళ్ళంతా అందుకున్నారు. తెలుగు కూడబలుక్కుని చదివే పిల్లలు చరణాలు తప్పకుండా పాడుతూంటే, తరగతిలో నేను ఎరగని ఉత్సాహం అక్కడ కనిపించింది. రెండో చరణంలో మా వాడి గొంతు పట్టేసింది. వాళ్ళు ఆపలేదు, అతను తేరుకునేదాకా పాడుతూనే వున్నారు.

ఇరుగుపొరుగుల నిద్రా ముఖ్యమే. రాత్రి 10 మొదలు ఉదయం 6 దాకా ఆరుబయట లౌడుస్పీకరు మోగించరాదని 2000 నాటి ధ్వని నియమాలు చెబుతున్నాయి. జూబిలీహిల్సు నివాసుల మొర మీద 2022 సెప్టెంబరులో హైకోర్టు, పబ్బుల్లో పది దాటితే సంగీతం కూడదన్నది. పదింటికి ఆపమంటే వాయించేవాడు ఆపుతాడు. అతనికి కావలసింది పదిలోపు పని.

ఇక మన ఇళ్ళ సంగతి చూడండి. రెండవ లాక్‌డౌన్‌లో పెళ్ళికి 40 మందికే అనుమతి. ఎవరిని తగ్గించాలని లెక్క వేసినప్పుడు, చాలా ఇళ్ళలో ముందు కొట్టివేసిన పేర్లు భజంత్రీలవీ, పాటకచేరీ వాళ్ళవీ. వంటవాళ్ళు మిగిలారు, ఫోటోవాళ్ళు మిగిలారు. సన్నాయి మాత్రం సెల్‌ఫోనులో మోగింది. ప్రభుత్వం పాటించిన వరసే మన పెరట్లోనూ నడిచిందన్నమాట.

ఈసారి ఇంట్లో శుభకార్యం తలపెట్టినప్పుడు, వాయించే మనిషిని పిలవండి. బయానా ముందుగా ఇవ్వండి. ఏ కారణంచేతనో ముహూర్తం తప్పిపోతే, ఆ బయానా తిరిగి అడగకండి. ఆ మనిషి ఆ రోజును మీ కోసం అట్టేపెట్టుకుని, వేరే బేరం వదులుకుని వుంటాడు.