తొంభై నాలుగులో వంద మీటర్లు!

గండిపేట చెరువు గాలి పీల్చుకుంటూ పొద్దున్నే నడిచేవాళ్లలో గుండె ఆపరేషన్ అయినవాళ్లూ ఉంటారు. వాళ్లెవరైనా 'పరుగు పందేనికి వెళ్తా' అంటే ఇంట్లోవాళ్లు ఊరుకుంటారా? 'ఈ వయసులో పరుగేంటి!' అంటూ కేకలేస్తారు. హరియాణా బామ్మ భగవానీ దేవి డాగర్ దగ్గర మాత్రం ఆ మాట చెల్లదు.

ఆవిడకు గుండెకు బైపాస్ అయింది. అయినా 2022లో ఫిన్లాండ్‌లోని టాంపెరేలో జరిగిన ప్రపంచ మాస్టర్స్ అథ్లెటిక్స్‌లో 94 ఏళ్ల వయసులో బరిలోకి దిగారు. వంద మీటర్లు 24.74 సెకన్లలో పరుగెత్తి స్వర్ణం కొట్టారు. షాట్‌పుట్‌లో కాంస్యం అదనం! వెన్నంటి ఉన్నది మనవడు, పారా అథ్లెట్ వికాస్ డాగర్.

మాస్టర్స్ పోటీలు 35 ఏళ్లు నిండినవారికి. ఐదేళ్లకో విభాగం కాబట్టి ఈడువాళ్లతోనే పోటీ.

అలాగని జబ్బు తగ్గగానే బూట్లు కట్టేసుకోకూడదు. వేగంగా పరుగెత్తితే క్షణాల్లో గుండె వేగం, రక్తపోటు పెరిగిపోతాయి. తొడ వెనక కండరాలు పట్టేస్తాయి. అందుకే డాక్టరు పరీక్షించి సరేనన్నాకే మొదలుపెట్టాలి. ముందు నడక, తర్వాత జాగింగ్, ఆఖర్న పరుగు. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఆగిపోవాలి.

పతకాల సంగతి తర్వాత... నిన్నటికన్నా ఇవాళ నాలుగడుగులు ఎక్కువేస్తే, అదే తొలి గెలుపు!